స్పోర్లను నిద్రలేపడం: ఓడీ పడిపోతే కంగారు పడకండి

బెంగళూరులో ఒక కాలేజీ మైక్రోబయాలజీ ల్యాబులో పదకొండేళ్ళుగా టెక్నీషియన్‌గా చేస్తున్నాను. మాది అనంతపురం. ఏటా కర్నూలు నుంచో నెల్లూరు నుంచో ఎమ్మెస్సీకి తెలుగు పిల్లలు వస్తూనే ఉంటారు. స్పోరు అంటే తిండి అయిపోయినప్పుడు కొన్ని బ్యాక్టీరియా మారే, గట్టి పొరలో నిద్రపోయే రూపం. వాటిని నిద్రలేపే ప్రయోగం రోజు అందరిదీ ఒకటే టెన్షన్: "అక్కా, ఓడీ పెరగట్లేదు, పడిపోతోంది!"

పడిపోవాలి. ఓడీ అంటే ఆప్టికల్ డెన్సిటీ, ద్రవం ఎంత మసకగా ఉందో స్పెక్ట్రోఫోటోమీటర్ (మా భాషలో స్పెక్ట్రో) చూపించే అంకె. బ్యాక్టీరియా పెరిగితే ద్రవం మసకబారి ఓడీ పెరుగుతుంది. స్పోరు మొలకెత్తేటప్పుడు మాత్రం లోపల దాచుకున్న డైపికోలినిక్ ఆమ్లం, కాల్షియం బయటికి పోయి, ఆ చోట నీరు చేరుతుంది. వెలుతురును చెదరగొట్టే శక్తి తగ్గుతుంది, ఓడీ దిగుతుంది. మొలకెత్తడం వేరు, పెరగడం వేరు. నాకు ఇది తెలియని రోజుల్లో, రీడింగులు దిగుతుంటే స్పెక్ట్రో బల్బు పోయిందనుకుని, వారం కష్టపడి చేసిన స్పోర్లను చేతులారా సింకు పాలు చేశాను. ఆ బాధ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కల్చర్ బాసిల్లస్ సబ్టిలిస్ మాత్రమే వాడండి. చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం ఎంటీసీసీ నుంచి తెప్పించుకోవచ్చు. 1876లో జర్మన్ శాస్త్రవేత్త ఫెర్డినాండ్ కోన్ ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ళను మరిగించినా చావని స్పోర్లను చూసింది ఈ జీవిలోనే. స్పోర్లు తయారు కావాలంటే దానికి తిండి అయిపోవాలి. న్యూట్రియెంట్ బ్రాత్‌లో పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం, ఇనుము లవణాలు, చిటికెడు మాంగనీస్ కలిపిన మీడియంలో 37 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు షేకర్‌లో వదిలేయండి. మాంగనీస్ మర్చిపోతే స్పోర్లు సరిగా రావు.

తర్వాత కడగడం. ఇక్కడ తొందరపడితే మిగతా పనంతా వృథా. చల్లటి స్టెరైల్ డిస్టిల్డ్ వాటర్‌తో సెంట్రిఫ్యూజ్ చేస్తే ట్యూబు అడుగున రెండు పొరలు కనిపిస్తాయి. పైన వదులుగా ఉండేది చచ్చిన కణాల చెత్త, కింద గట్టిగా కూర్చున్నవి స్పోర్లు. పై పొరను పిపెట్‌తో మెల్లగా లాగేసి, మళ్ళీ నీళ్ళు పోసి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు మళ్ళీ కడగండి. ఇలా మూడు నాలుగు రోజులు. ఫేజ్ కాంట్రాస్ట్‌లో చూస్తే నూటికి తొంభై అయిదు స్పోర్లైనా ముక్కుపుడక రాయిలా మెరవాలి. ఆ మైక్రోస్కోప్ లేకపోతే మాలకైట్ గ్రీన్, సాఫ్రనిన్ రంగులు వేయండి. స్పోర్లు ఆకుపచ్చగా, మామూలు కణాలు ఎర్రగా కనిపిస్తాయి.

ప్రయోగం రోజు స్పోర్లను 70 డిగ్రీల వాటర్ బాత్‌లో అరగంట ఉంచి, వెంటనే ఐస్‌లో పెట్టండి. డిస్‌ప్లే చూపించే అంకెను నమ్మకుండా థర్మామీటరు ముంచి చూడండి. ఈ వేడి స్పోరును లేపదు, లేవడానికి సిద్ధం చేస్తుంది, అంతే. తిండి వాసన తగలకపోతే అది అలాగే పడుకుంటుంది. వేడి చేసిన వాటిని ఆ రోజే వాడేయండి.

ఇప్పుడు పీహెచ్ 8 దగ్గర ట్రిస్ బఫర్‌లో, 600 నానోమీటర్ల దగ్గర ఓడీ 1 వచ్చేలా కలిపి, అయిదు ట్యూబుల్లో పోయండి. ఒకదాన్ని ఏమీ కలపకుండా 37 డిగ్రీల్లో పెట్టండి. మిగతా నాలుగింటిలో స్పోర్లకు తిండి వాసనలా పనిచేసే అమైనో ఆమ్లం ఎల్-అలనిన్‌ను 10 మిల్లీమోలార్ వేసి, ఒకటి 37లో, ఒకటి ల్యాబు బల్లమీద, ఒకటి ఐస్‌లో ఉంచండి. నాలుగోదాన్నీ 37లోనే పెట్టండి, కాకపోతే దాంట్లో ఎల్-అలనిన్ కంటే ముందే అంతే మోతాదులో, దానికి అద్దంలో ప్రతిబింబం లాంటి డి-అలనిన్ కలపండి. పది నిమిషాలకోసారి, ప్రతిసారీ ట్యూబును తిరగేసి కలిపాకే రీడింగ్ తీసుకోండి. స్పోర్లు అడుక్కి దిగినా ఓడీ తగ్గుతుంది. ఆ మోసం పట్టుకోవడానికే ఏమీ కలపని ట్యూబు.

మా దగ్గర 37 ట్యూబు గంటలో సగానికి కిందికి దిగుతుంది. బల్లమీదది, బెంగళూరు ఉదయం గది 24 డిగ్రీలు ఉంటుంది కాబట్టి, మెల్లగా దిగుతుంది. ఐస్‌లోది దాదాపు కదలదు. డి-అలనిన్ ఉన్నదీ అంతే, ఎందుకంటే స్పోరు మీద ఎల్-అలనిన్‌ను గుర్తుపట్టే గెర్ఏ రిసెప్టర్‌ను అది అడ్డుకుంటుంది. గంటయ్యాక ఐస్ ట్యూబును 37లోకి మార్చండి. దిగడం మొదలవుతుంది. చావలేదు, చలికి ఆగిందంతే. పోయినేడు ఒక నెల్లూరు అమ్మాయి ఆ అంకెలు చూస్తూ భోజనానికి కూడా లేవలేదు.

వీలుంటే ఒక చుక్కను స్లైడు మీద అగార్ పొరపై పెట్టి మైక్రోస్కోప్‌లో చూడండి. ఓడీ గీత నున్నగా దిగుతుంది గానీ, స్పోర్లన్నీ ఒకేసారి లేవవు. ఒకటి అయిదో నిమిషంలో, దాని పక్కది ముప్పయ్యో నిమిషంలో. కానీ మొదలయ్యాక ఒక్కో స్పోరుకు రెండు మూడు నిమిషాలే పడుతుంది. వీధిలో ఒక్కో ఇంట్లో దీపం ఆరినట్టు, మెరిసే చుక్కలు ఒక్కొక్కటే నల్లబడతాయి. నేను వందసార్లు చూశాను, ఇప్పటికీ కళ్ళు తిప్పుకోలేను.

చివరిగా, 37 ట్యూబులోంచి కొంచెం తీసి 80 డిగ్రీల్లో పది నిమిషాలు ఉంచి, పలచన చేసి ప్లేట్ల మీద పూయండి. ఏమీ కలపని ట్యూబుదీ అలాగే చేయండి. మేల్కొన్నవి ఆ వేడికి చచ్చిపోతాయి, పడుకున్నవే మర్నాడు కాలనీలవుతాయి. 1877లో జాన్ టిండాల్ అనే శాస్త్రవేత్త ఈ బలహీనతనే పట్టుకున్నాడు. ఒకసారి మరిగించి, మిగిలిన స్పోర్లు మేల్కొనేదాకా ఆగి, మళ్ళీ మరిగించాడు.

శుభ్రం చేసేటప్పుడు స్పిరిట్‌తో బల్ల తుడిస్తే స్పోర్లకు చీమ కుట్టినట్టైనా ఉండదు. అప్పటికప్పుడు కలిపిన బ్లీచ్ వాడండి. నీళ్ళలో మరిగిస్తే చాలనుకోవద్దు. సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్న బెంగళూరులో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ట్యూబులు, ప్లేట్లు అన్నీ ఆవిరి ఒత్తిడితో వేడిచేసే ఆటోక్లేవ్‌లోకే వెళ్ళాలి. వేడి 121 డిగ్రీలకు చేరిందో లేదో చూసి, అక్కణ్ణుంచి పదిహేను నిమిషాలు లెక్కపెట్టండి.