పాత పారిస్ పింగాణీ జాడీ: పసుపు మరక, ఊగే పాదం, చెరిగే బంగారం

జాడీ మీద వేసిన మేరీమాత బొమ్మలో ముఖం మీద మాత్రమే పసుపు ఛాయ ఉందా? రుద్దకండి, అది మురికి కాకపోవచ్చు. 19వ శతాబ్దపు పారిస్ జాడీల మీద బొమ్మల్ని గ్లేజ్ (పింగాణీ మీదుండే గాజులాంటి నున్నటి పూత) పైన చేత్తో వేసి మళ్ళీ కొలిమిలో కాల్చేవాళ్ళు, అలా కాలిన రంగు పసుపెక్కదు. పసుపెక్కేది తర్వాతెవరో పగులు అతికించి, అది కనబడకుండా పైన పూసిన రంగూ వార్నిషూ. చీకటి గదిలో యూవీ టార్చి వేస్తే మరమ్మతు చేసిన చోటు చాలాసార్లు వేరే మెరుపుతో దొరికిపోతుంది. దొరికిందంటే జాడీని నీళ్ళలో నానబెట్టకండి, అసిటోన్ కూడా తగలనివ్వకండి. జంతువుల ఎముకలు, చర్మంతో చేసిన పాత జిగురైతే గోరువెచ్చటి నీళ్ళకే వదిలేస్తుంది, ముక్క చేతికొస్తుంది. ఆ పని పింగాణీ రిపేరు తెలిసినవాళ్ళకే ఇవ్వాలి.

పాదం దగ్గర ఊగుతోందంటే భయం లేదు. వీటిలో చాలావాటికి జాడీ వేరు, కింది చదరపు పీట వేరు, రెంటినీ కలిపి పట్టుకునేది మధ్యలో ఒక బోల్టు. ఏళ్ళు గడిచేసరికి వాషర్ నలిగిపోతుంది, ఇనుము తుప్పు పడుతుంది, నట్టు వదులవుతుంది. ఇక్కడే జనం స్పానర్ తెచ్చి బిగించేస్తారు, పింగాణీ టక్కున పగులుతుంది. ఒకరు జాడీ పట్టుకుంటే ఇంకొకరు నట్టు విప్పి, పలచటి కార్క్ ముక్కో తోలు ముక్కో మధ్యలో పెట్టి, వేళ్ళతో తిరిగినంతే బిగించాలి. తుప్పుతో పట్టేస్తే బలవంతం వద్దు, నూనె కూడా పోయొద్దు, సన్నటి పగులుంటే అందులోకి దిగి మరకైపోతుంది.

బంగారం చెరిగిపోతోందా? కారణం మీ గుడ్డే. ఆ పూత గ్లేజ్ మీద పలచటి పొర, అంతే. వెండి పాలిష్, డిష్‌వాషర్ మానేసి మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి చాలు. బజారు గోల్డ్ పెయింట్ మాత్రం దయచేసి వేయకండి, కొన్నాళ్ళకి గోధుమ రంగుకి తిరిగి అసలు బంగారం పక్కన వెక్కిరిస్తుంది.

లోపల తెల్లటి వలయం ఉంటే అది నీళ్ళలోని సున్నం. వెనిగర్ పోస్తే ఒలికి బయటి రంగుల్నీ తినొచ్చు. పూలు పెట్టాలనుకుంటే లోపల గాజు గ్లాసు పెట్టి అందులోనే నీళ్ళు పోయండి.

అడుగున ముద్ర లేదని టెన్షన్ అక్కర్లేదు, పాత పారిస్ జాడీల్లో చాలావాటికి ముద్ర ఉండదు. అనుమానించాల్సింది పెనవేసుకున్న రెండు ఎల్ అక్షరాల సెవ్ర్ (ఫ్రాన్స్ రాజుల పింగాణీ కార్ఖానా) ముద్రని, దాన్ని చాలామంది కాపీ కొట్టారు. బొమ్మని భూతద్దంలో కూడా చూడండి, వరసగా చుక్కలు కనిపిస్తే అది అచ్చు, చేత్తో వేసింది కాదు.