ఎండలు ముదరక ముందే ఆయిల్ కూలర్‌కు గాలి అందుతోందో లేదో చూసుకోండి

సొంతంగా కట్టుకున్న విమానం చలికాలమంతా ఇబ్బంది పెట్టలేదని ఎండాకాలానికి ధీమాగా ఉండకండి. చల్లటి ఆయిల్‌ను కూలర్‌కు పంపకుండా పక్కదారి పట్టించే థర్మోస్టాట్ వాల్వు పూర్తిగా మూసుకుని, ఇంజన్ ఆయిల్ అంతా దాన్ని చల్లబరిచే కూలర్ గుండా వెళ్తున్నప్పుడు, బయటి గాలి ఎన్ని డిగ్రీలు వేడెక్కితే ఆయిల్ కూడా ఇంచుమించు అన్ని డిగ్రీలు వేడెక్కుతుంది. 15 డిగ్రీల రోజున పైకెక్కేటప్పుడు 98 చూపిన ఆయిల్, 38 డిగ్రీల రోజున 120 దాటుతుంది. చాలా లైకమింగ్ కంపెనీ ఇంజన్లకు ఆయిల్ గరిష్ఠ పరిమితి 118 సెల్సియస్ డిగ్రీలే. మీ అంకెలతో ఈ కూడిక ఇప్పుడే వేసి చూడండి.

పరిమితి దాటేలా ఉంటే వెంటనే పెద్ద కూలర్ కొనకండి. ముందు మీటరు నిజం చెబుతోందో తేల్చుకోండి. సెన్సర్‌ను విప్పి మరిగే నీళ్లలో ముంచితే, సముద్రమట్టానికి దగ్గరి ప్రాంతాల్లో 100 చూపాలి. తర్వాత థర్మోస్టాట్ వాల్వు. అది దాదాపు 85 డిగ్రీల దగ్గర పక్కదారిని మూసేయాలి. సరిగా కూర్చోకపోతే వేడి ఆయిల్ కూలర్‌ను తప్పించుకుని పోతుంది, అప్పుడు ఎంత గాలి పంపినా ప్రయోజనం ఉండదు.

ఈ రెండూ బాగున్నాయంటే గాలినే అనుమానించాలి. కూలర్ ముందు ఎక్కువ పీడనం, వెనుక తక్కువ పీడనం ఉంటేనే గాలి దాని గుండా కదులుతుంది. ముందు పీడనాన్ని తినేసేవి సందులు. రాత్రిపూట కౌలింగ్ (ఇంజన్‌ను కప్పే మూత) బిగించి, బ్యాఫిళ్ల (గాలిని సిలిండర్లు, కూలర్ వైపు మళ్లించే రేకుల) కింద చిన్న దీపం పెట్టి, ముందు రంధ్రాల్లోంచి చూడండి. వెలుగు కనిపించిన ప్రతి చోటా గాలి వృథాగా పోతున్నట్టే. బ్యాఫిల్ అంచున ఉండే సిలికాన్ రబ్బరు పట్టీలు లోపలికి, ముందుకు వంగి ఉండాలి. అలా ఉంటే పీడనం పెరిగేకొద్దీ అవి కౌలింగ్‌కు మరింత గట్టిగా అతుక్కుంటాయి. ఒక్క మూల వెనక్కి మడతపడినా గాలే దాన్ని తెరిచేస్తుంది. మూలల్లో మిగిలిన సన్నటి సందులను వేడి తట్టుకునే సిలికాన్‌తో పూడ్చండి. నన్నడిగితే, డబ్బు ఖర్చుపెట్టే ముందు ఒక సాయంత్రమంతా ఈ పనికే కేటాయించాలి.

వెనుక వైపును చాలామంది పట్టించుకోరు. ఎదురు కిటికీ లేని గదిలోకి గాలి రానట్టే, బయటికి దారి లేని కూలర్‌లోకీ గాలి రాదు. కూలర్ వెనుక ముఖానికి ఆనుకుని గొట్టాలు, వైర్ల కట్టలు, ఇంజన్ మౌంటు కడ్డీలు ఉంటే జరపగలిగినవి జరపండి. కౌలింగ్ అడుగున గాలి బయటికి పోయే దారి చాలినంత ఉందో లేదో కొలవండి.

కూలర్‌ను ఫైర్‌వాల్‌కు (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉండే అడ్డుగోడకు) బిగించి డక్ట్‌తో, అంటే గాలి గొట్టంతో, గాలి పంపుతుంటే డక్ట్ వ్యాసం ముఖ్యం. 3 అంగుళాల గొట్టానికి బదులు 4 అంగుళాలది వేస్తే లోపలి వైశాల్యం సుమారు 1.8 రెట్లు అవుతుంది. అయితే అది కూలర్ ముఖం దగ్గర ఒక్కసారిగా వెడల్పయితే గాలి సుడులు తిరిగి మధ్య భాగానికే పరిమితమవుతుంది, మూలలు పనిచేయవు. క్రమంగా విప్పారే పెట్టె చేయించండి. ఒక హెచ్చరిక: డక్ట్ కోసం బ్యాఫిల్‌కు పెద్ద రంధ్రం కోస్తే ఆ గాలి సిలిండర్ల వాటా నుంచే వస్తుంది. సిలిండర్ హెడ్ ఉష్ణోగ్రతల మీద కూడా కన్నేసి ఉంచండి.

కూలర్‌లోని సన్నటి లోహపు రెక్కల మధ్య ఇరుక్కున్న పురుగులు, గడ్డి తీసేయండి. కూలర్ బరువును మోసే వెనుక బ్యాఫిల్‌లో పగుళ్లు వస్తుంటాయి, బోల్టుల చుట్టూ వెతకండి. గొట్టాలు బిగించేటప్పుడు కూలర్ వైపు ఫిట్టింగును రెండో స్పానర్‌తో పట్టుకోండి, లేకపోతే అల్యూమినియం చీలిపోతుంది.

ఒకసారికి ఒకే మార్పు చేసి, దిగడానికి వీలుగా రన్‌వే దగ్గర్లోనే ఎగిరి చూడండి. బయటి ఉష్ణోగ్రత, వేగం, ఆయిల్, సిలిండర్ హెడ్ అంకెలు రాసుకోండి. పరీక్షలో ఆయిల్ ఎర్ర గీత వైపు పోతుంటే ముక్కు దించి వేగం పెంచండి, పవర్ తగ్గించండి. దాంతోపాటు ఆయిల్ ప్రెషర్ కూడా పడిపోతుంటే పరీక్ష అక్కడితో ఆపి వెంటనే దిగండి.