సొంత ఎడిటర్ రాద్దాం – 6వ పాఠం: తెరిచిన ప్రతిసారీ జారిపోయే విండో

ఈసారి మన టెక్స్ట్ ఎడిటర్‌కి ఫైండ్, రీప్లేస్ మొదలుపెట్టాలి. కానీ కుదరదు. 5వ పాఠం చివర్లో "మూసేటప్పుడు విండో ఎక్కడుందో రాసిపెట్టండి, తెరిచేటప్పుడు చదివి అక్కడే పెట్టండి" అని రెండు ముక్కల్లో తేల్చేశాను. ఆ రెండు ముక్కల దగ్గరే చాలామంది ఆగిపోయారు. ఒకరి ఎడిటర్ తెరిచిన ప్రతిసారీ కాస్త కిందికి దిగుతోంది. ఇంకొకరు ఎడమ అంచున పెట్టి మూస్తే కుడి అంచున తెరుచుకుంటోంది. మరొకరికి టాస్క్‌బార్‌లో ఐకాన్ ఉంది, విండో మాత్రం ఎక్కడా కనబడదు. ఎడిటర్ పాడైందని టెన్షన్ పడి మొదటి పాఠం నుంచి మళ్లీ రాసినవాళ్లు కూడా ఉన్నారు. అది చదివి చాలా బాధపడ్డాను. కాబట్టి ఈ పాఠమంతా ఈ ఒక్క విషయమే.

ఫైల్‌లో రాయడం, చదవడం, మూసేముందు మన ఫంక్షన్ నడిచేలా చూడటం మీకు వచ్చు కాబట్టి వాటి జోలికి పోను. నేను జేసన్‌లో రాస్తాను. మీరు మామూలు టెక్స్ట్ ఫైల్ వాడినా నష్టం లేదు.

ముందుగా కిందికి దిగే విండో సంగతి.

వడ్రంగి దగ్గరికి వెళ్లి గుమ్మం కొలత చెబితే ఆయన అడిగే మొదటి ప్రశ్న, లోపలి కొలతా బయటి కొలతా అని. విండోకీ అంతే. టైటిల్ బార్, అంచులు కలిసినది బయటి చట్రం. మనం అక్షరాలు కొట్టే చోటు లోపలి భాగం. చట్రాన్ని మీ ప్రోగ్రామ్ గీయదు, విండోస్‌లో అయితే విండోస్, లినక్స్‌లో అయితే విండోలను అమర్చే ప్రోగ్రామ్, అంటే విండో మేనేజర్ గీస్తుంది. మనం వాడే పైథాన్ విండోల లైబ్రరీ టికింటర్‌లో విన్‌ఫో ఎక్స్, విన్‌ఫో వై అడిగితే బయటి చట్రం మూల వస్తుంది. విన్‌ఫో రూట్ ఎక్స్, విన్‌ఫో రూట్ వై అడిగితే లోపలి భాగం మూల వస్తుంది. విండో స్థానం, పరిమాణం చదవడానికీ పెట్టడానికీ వాడే జామెట్రీ మెథడ్‌కి మీరు ఇచ్చే అంకెలను మాత్రం అది బయటి చట్రానికే లెక్క కడుతుంది.

మీలో చాలామంది రూట్ ఎక్స్, రూట్ వై చదివి, వాటిని జామెట్రీకి ఇచ్చారు. అంటే లోపలి కొలత తీసుకుని బయటి చట్రం బిగించారు. విండోస్ 10లో 100 శాతం స్కేలింగ్ పెట్టిన నా మెషీన్‌లో ఆ రెండు మూలల మధ్య తేడా అడ్డంగా 8 పిక్సెల్‌లు, నిలువుగా 31. విండో మొదట 120, 100 దగ్గర ఉందనుకోండి. మూసి తెరిస్తే 128, 131. మళ్లీ మూసి తెరిస్తే 136, 162. ఇరవైసార్లు అయ్యేసరికి 280, 720. 1366×768 ల్యాప్‌టాప్‌లో టాస్క్‌బార్‌కి 40 పోతే మిగిలేది 728. అంటే టాస్క్‌బార్ పైన మీ ఎడిటర్ 8 పిక్సెల్‌ల గీతలా కనబడుతుంది, అంతే. "కొన్నాళ్లు బాగానే ఉంది, తర్వాత మాయమైంది" అని రాసినవారి విండోకి జరిగింది ఇదే. మొదటి రోజు నుంచీ అది దిగుతూనే ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. తేడా 31 అని కనిపెట్టి, రాసేముందు 31 తీసేసినవాళ్లు ముగ్గురు. దయచేసి ఆ పని చేయకండి. స్కేలింగ్ 125 శాతానికి మారిస్తే ఆ 31 మారిపోతుంది. థీమ్ మారినా మారొచ్చు. లినక్స్‌లో ఒక్కో విండో మేనేజర్ చట్రం ఒక్కో మందం. మీ గదిలో, మీ స్క్రీన్ మీద సరిపోయిన అంకెను కోడ్‌లో పాతేస్తే, అది వేరొకరి మెషీన్‌లో మీ విండోను పైకి పాకించడం మొదలుపెడుతుంది. పైకి పాకడం కిందికి దిగడం కన్నా ఘోరం. టైటిల్ బార్ స్క్రీన్ దాటిపోతే పట్టుకుని లాగడానికి ఏమీ మిగలదు. అంకెను దిద్దడం కాదు, కొలబద్దను దిద్దాలి. జామెట్రీకి ఇవ్వబోయేది జామెట్రీ నుంచే చదవండి. చదివే ముందు, పెండింగ్‌లో ఉన్న విండో పనులను పూర్తిచేసే అప్‌డేట్ ఐడిల్ టాస్క్స్ మెథడ్‌ను ఒకసారి పిలవండి, లేకపోతే విండో ఇంకా తెర మీదికి రాకముందే అడిగినవాళ్లకు వెడల్పు 1 అని వస్తుంది.

విండోస్‌లో దీంతో అయిపోతుంది. లినక్స్‌లో కొన్ని విండో మేనేజర్ల దగ్గర అవ్వదు. అక్కడ చిక్కు ఇంకా లోతుగా ఉంది. విండో తెర మీదికి వచ్చాకే విండో మేనేజర్ దాన్ని చట్రంలో కూర్చోబెడుతుంది. మీరు "100 దగ్గర పెట్టు" అంటే, చట్రం మూలను 100 దగ్గర పెట్టేవి కొన్ని, లోపలి భాగాన్ని 100 దగ్గర పెట్టేవి కొన్ని. ఏది ఏ రకమో ముందుగా తెలిసే దారి లేదు.

ఈమ్యాక్స్ వంటి పాత, పెద్ద ఎడిటర్ కూడా దీన్ని తప్పించుకోలేకపోయింది. వాళ్లు మనం విండో అనేదాన్ని ఫ్రేమ్ అంటారు. ఈమ్యాక్స్ సోర్స్‌లో, లినక్స్‌లో విండోలను తెర మీద చూపే ఎక్స్ విండో సిస్టమ్‌తో మాట్లాడే ఫైల్‌లో, విండో మేనేజర్లకు ఎ రకం, బి రకం అని పేర్లే పెట్టేశారు. ఫ్రేమ్‌ను ఒక చోటికి జరపమని అడగడం, అది నిజంగా ఎక్కడ దిగిందో చూడటం, అడిగినదానికీ దిగినదానికీ తేడా ఉంటే ఇది ఏ రకమో గుర్తుపెట్టుకుని ఆ మేరకు సర్దడం. ఎంత నిజాయితీ గల పద్ధతో చూడండి. ఊహించరు, కొలుస్తారు. మీ లినక్స్‌లో విండో ఇంకా జారుతుంటే మీరూ అదే చేయండి: పెట్టండి, విండో కనబడ్డాక మళ్లీ చదవండి, తేడాను ఒక్కసారి సర్దండి. విండో కనబడిందని తెలియడానికి, ఆ కబురు తెచ్చే మ్యాప్ ఈవెంట్ కోసం ఆగాలి. అర సెకను ఆపి చూసే కోడ్ నాకు పంపకండి. కొత్త మెషీన్‌లో పనిచేసి, పాత మెషీన్‌లో చేయని కోడ్ అది.

లినక్స్‌లో ఎక్స్ విండో సిస్టమ్‌కి బదులుగా వచ్చిన వేలాండ్ నడిచే డెస్క్‌టాప్‌లో అయితే అప్లికేషన్‌కి తాను తెర మీద ఎక్కడుందో చెప్పరు, ఎక్కడ కూర్చోవాలో అడగనివ్వరు. అక్కడ పరిమాణం ఒక్కటే గుర్తుపెట్టుకోండి.

ఇలాంటి బగ్ ఏళ్ల తరబడి ఎందుకు బతుకుతుందో తెలియాలంటే విండోస్‌లోని ఇంకో ఉదాహరణ చూడాలి. విండో స్థానం అడగడానికి అక్కడ గెట్ విండో ప్లేస్‌మెంట్ అనే ఫంక్షన్ ఉంది. అది మామూలు విండోకి ఇచ్చే అంకెలు స్క్రీన్ మూల నుంచి కాదు, టాస్క్‌బార్ పోగా మిగిలిన చోటు మూల నుంచి. జరపడానికి వాడే సెట్ విండో పాస్ మాత్రం స్క్రీన్ మూల నుంచి లెక్కిస్తుంది. మొదటిదానితో చదివి రెండోదానితో పెడితే ఏమవుతుంది? టాస్క్‌బార్ కింద ఉంటే రెండు మూలలూ ఒకటే, ఏమీ కాదు. టాస్క్‌బార్‌ను పైన పెట్టుకున్నవారి దగ్గర మాత్రం విండో తెరిచిన ప్రతిసారీ టాస్క్‌బార్ ఎత్తు మేర పైకి పాకుతుంది. రాసినవారి దగ్గర కింద, పరీక్షించినవారి దగ్గరా కింద. పైన పెట్టుకున్న ఆ కొద్దిమంది రోజూ విండోను లాక్కుని కిందికి తెచ్చుకుంటారు, ఎవరికీ చెప్పరు. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు టాస్క్‌బార్‌ను పైకి జరిపే వీలే తీసేశారు కాబట్టి ఈ తప్పు కొత్త మెషీన్‌లలో ఇంకా బాగా దాక్కుంది. పైగా ఎడిటర్‌ను చాలామంది రోజుల తరబడి మూయరు. మూసి తెరిస్తే గానీ బయటపడని తప్పును, మూయనివాళ్లు ఎలా చూస్తారు?

ఇప్పుడు ఎడమ నుంచి కుడికి దూకే విండో.

జామెట్రీ అక్షరాల రూపంలో ఉంటుంది: 800×600+120+80. మధ్య గుర్తు కీబోర్డ్‌లోని చిన్న ఎక్స్ అక్షరం. అందులో ప్లస్, మైనస్‌లు కూడిక, తీసివేతలు కావు. +120 అంటే ఎడమ అంచు నుంచి 120. -120 అంటే కుడి అంచు నుంచి 120. ఎక్స్ విండో సిస్టమ్ నుంచి వచ్చిన అలవాటు ఇది. లెక్కల్లో +0, -0 ఒకటే సున్నా. ఇక్కడ +0 ఎడమ అంచు, -0 కుడి అంచు.

విండోస్ 10లో విండోను ఎడమ సగానికి అతికించి జామెట్రీ అడగండి. +-7+0 అని వస్తుంది. కంటికి కనబడని పలచని అంచు చట్రం చుట్టూ ఉంటుంది, అది స్క్రీన్ బయటికి 7 పిక్సెల్‌లు పోతుంది. అచ్చుతప్పులా కనిపించే ఆ +- సరైనదే. "ఎడమ అంచు నుంచి, మైనస్ 7" అని దాని అర్థం. మీలో కొందరు ఆ ప్లస్ అదనంగా వచ్చిందనుకుని తీసేశారు. -7 మిగిలింది. విండో కుడి అంచుకి పోయి కూర్చుంది. ఈమ్యాక్స్‌లోనూ ఇదే గొడవ: లెఫ్ట్ విలువ -7 అని రాస్తే కుడి నుంచి 7, ఎడమ బయటికి 7 కావాలంటే బ్రాకెట్‌లో ప్లస్ గుర్తు, దాని పక్కన -7 రాయాలి. నా అలవాటు ఏమిటంటే ఆ అక్షరాల వరసను అసలు విడగొట్టను. జామెట్రీ ఇచ్చిన అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు దాచి, ఉన్నవి ఉన్నట్టు తిరిగి ఇస్తాను.

మాగ్జిమైజ్ చేసి మూసేవారికి: అప్పటి కొలతలు దాచకండి. విండో జరిగినా, పరిమాణం మారినా కాన్ఫిగర్ ఈవెంట్ వస్తుంది; అది వచ్చినప్పుడు స్టేట్ (విండో మామూలుగా ఉందా, మాగ్జిమైజ్ అయిందా అనేది) నార్మల్ అయితేనే కొలతలు గుర్తుపెట్టుకోండి. మూసేటప్పుడు స్టేట్ విడిగా రాయండి. ఆ ఈవెంట్ లోపలి టెక్స్ట్ పెట్టెకి కూడా వస్తుంది, వచ్చింది ప్రధాన విండోకేనా అని చూసుకోండి. మినిమైజ్ చేసిన విండోను విండోస్ -32000, -32000 దగ్గర ఉంచుతుంది. రాసిపెట్టిన ఫైల్‌లో ఆ అంకె కనబడితే కారణం అదే.

ఇక ఐకాన్ ఉండి విండో కనబడనివారికి. ఆఫీసులో రెండో మానిటర్ మీద 2100 దగ్గర మూశారు, ఇంట్లో 1366 వెడల్పు ల్యాప్‌టాప్‌లో తెరిచారు. ఇప్పటికి బయటపడాలంటే ఎడిటర్‌ను ఎంచుకుని ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కండి, తర్వాత ఎమ్ అక్షరం, ఆపైన ఏదైనా బాణం గుర్తు ఒకసారి. ఇప్పుడు మౌస్ కదిపితే విండో దాని వెంట వస్తుంది. కోడ్‌లో మాత్రం, తెరిచేముందు టైటిల్ బార్‌లో కనీసం 100 పిక్సెల్‌లు ఏదో ఒక స్క్రీన్ మీద పడతాయా అని చూడండి. పడకపోతే దాచిన స్థానాన్ని వదిలేసి పరిమాణం ఒక్కటే వాడండి, చోటు సిస్టమ్ చూసుకుంటుంది. బయట పడిన విండోను లాగి స్క్రీన్ మూలకు అతికించే పద్ధతి కొందరికి ఇష్టం, నాకు కాదు. విన్‌ఫో స్క్రీన్ విడ్త్ విండోస్‌లో ప్రధాన స్క్రీన్ వెడల్పే చెబుతుంది, దాన్ని నమ్మి ఎడమవైపు మానిటర్ ఉన్నవారిని ప్రతిసారీ ప్రధాన స్క్రీన్‌కి ఈడ్చకండి.

అభ్యాసం. ఒక్కో వరసకు ఎడిటర్‌ను ఇరవైసార్లు మూసి తెరవండి, స్క్రిప్ట్‌తో కాదు, చేత్తో. తెరిచిన ప్రతిసారీ జామెట్రీ ఏం చెప్పిందో నోట్‌బుక్‌లో రాయండి. మామూలుగా ఒక వరస, ఎడమ సగానికి అతికించి ఒక వరస, మాగ్జిమైజ్ చేసి ఒక వరస, స్కేలింగ్ 125కి మార్చి మళ్లీ ఆ మూడూ. మొత్తం ఆరు వరసలు, 120 రీడింగ్‌లు. ఒక్క వరసలో ఒక్క పిక్సెల్ తేడా ఉన్నా 7వ పాఠానికి రాకుండా, ఆ అంకెకు ముందు, తర్వాత ఏం చేశారో రాసి పంపండి.