కూర్చున్నప్పుడు దగ్గితే చుక్క పడుతోందా? సమస్య - పరిష్కారం

సమస్య: సోఫాలో జారబడి కూర్చున్నప్పుడు తుమ్మినా, దగ్గినా, పకపకా నవ్వినా మూత్రం చుక్క పడుతుంది.

కారణం: మూత్రసంచిని, గర్భసంచిని కింద నుంచి మోసేవి పెల్విక్ ఫ్లోర్ కండరాలు. పొత్తికడుపు కింది ఎముక నుంచి తోక ఎముక దాకా ఉయ్యాలలా కట్టి ఉంటాయి. గూనిగా జారబడితే ఇవీ, వీటికి తోడుండే పొత్తికడుపు లోపొర కండరమూ పని తగ్గించేస్తాయి. ఆ క్షణాన దగ్గొస్తే ఒత్తిడంతా కిందికే దిగుతుంది. నేరమంతా కూర్చోవడానిదే కాదు: కాన్పులు, అధిక బరువు, మలబద్ధకం, తగ్గని దగ్గు అంతకంటే పెద్ద కారణాలు.

పరిష్కారం: గట్టి కుర్చీలో కూర్చుని పిర్రల కింద అరచేతులు పెట్టండి. రెండు ఎముకలు తగులుతాయి. నడుమును మెల్లగా ముందుకూ వెనక్కీ ఊపుతూ, అవి అరచేతుల్లో బాగా గుచ్చుకునే చోట ఆగి చేతులు తీసేయండి. కూర్చోవాల్సింది వాటి మీదే, తోక ఎముక మీద కాదు. పాదాలు నేలకు ఆనకపోతే కింద పీట వేసుకోండి. బాసింపట్టు వేస్తే మోకాళ్లు తుంటి కంటే పైకి లేస్తున్నాయా? పిర్రల కింద మడత దుప్పటి పెట్టండి. ఖరీదైన కుర్చీ అక్కర్లేదు.

తుమ్ము వస్తోందనగానే, గ్యాస్ పోకుండా ఆపినట్టు కింది కండరాలను పైకి లాగి పట్టి, అప్పుడు తుమ్మండి. సాధన చేసేటప్పుడు 6-8 సెకన్లు అలా లాగి పట్టి, మళ్లీ అంతే సేపు వదిలేయాలి. పూటకు 8-12 సార్లు, రోజుకు మూడు పూటలు, కనీసం 3 నెలలు. పిర్రలు, తొడలు బిగిస్తే, ఊపిరి ఆపితే ఫలితం రాదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం సాధనగా చేయకండి, సంచి పూర్తిగా ఖాళీ కాదు.

సమస్య: రోజంతా పొట్ట లోపలికి లాక్కుని నిటారుగానే కూర్చుంటున్నా చుక్క పడుతోంది. పైగా తోక ఎముక దగ్గరో, కలయికలోనో నొప్పి.

కారణం: ఎప్పుడూ బిగిసే ఉన్న కండరానికి అవసరమైనప్పుడు ఇంకా బిగిసే సత్తువ మిగలదు.

పరిష్కారం: పై బిగింపు సాధన ఆపేయండి. పొట్ట వదిలేసి, పక్కటెముకలు విచ్చుకునేలా 5 నిమిషాలు నిదానంగా ఊపిరి తీసుకోండి. అరగంటకోసారి లేవండి. ఇది ఎవరికివారు తేల్చుకునేది కాదు, పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవాలి.

సమస్య: కాన్పయ్యాక మంచం మీంచి లేస్తుంటే బొడ్డు దగ్గర గట్టులా లేస్తుంది.

కారణం: పొట్ట కండరాల మధ్య పొర సాగింది.

పరిష్కారం: పక్కకు ఒత్తిగిలి, చేత్తో ఆనుకుని లేవండి. పాలిచ్చేటప్పుడు బిడ్డ మీదికి వంగకుండా, కింద దిండు వేసి బిడ్డనే ఎత్తుకు తెచ్చుకోండి.

కమోడ్ మీద ముక్కాల్సి వస్తే పాదాల కింద 6-9 అంగుళాల పీట చాలు.

మూత్రంలో రక్తం కనిపించినా, యోనిలోంచి ఏదో జారుతున్నట్టున్నా డాక్టరుకు చూపించుకోండి. తొడల మధ్య తిమ్మిరి, మూత్రం బిగుసుకుపోవడం ఉంటే అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి.