చివర్లు ఎర్రగా, మధ్యలో చీకటి: మా ట్యూబ్‌లైట్ సంగతి

వంటింట్లో 36 వాట్ల ట్యూబ్‌లైట్ స్విచ్ వేస్తే రెండు చివర్లూ ఎర్రగా ఉండిపోయేవి, మధ్యలో వెలుతురు లేదు. మినుకుమినుకుమనడమూ లేదు. చాలామంది ఇక్కడే ట్యూబ్ మార్చేస్తారు, అనవసరంగా. స్విచ్ వేసి ఉండగానే, పొడి చేత్తో, స్టార్టర్ ప్లాస్టిక్ డబ్బాను తిప్పి లాగాను. ట్యూబ్ ఠక్కున వెలిగింది!

స్టార్టర్‌లోని రేకులు అతుక్కుపోయాయన్నమాట. అవి విడిపోతేనే చోక్‌లో (ట్యూబ్‌కి వరుసగా కలిపే తీగచుట్టలో) కరెంటు తెగి, వందల వోల్టుల దెబ్బ ట్యూబ్‌కి తగిలి, లోపలి వాయువు వెలుగుతుంది. కొత్త స్టార్టర్‌తో పని అయిపోయింది.

నాకు ఎంతో ఇష్టమైనది దీని వెనక లెక్క. వెలుగుతున్న ట్యూబ్‌కి సుమారు 103 వోల్టులు, చోక్‌కి 205. కూడితే 308, కానీ ఇంటికొచ్చేది 230! ఏసీ కరెంటులో చోక్ వోల్టేజీ ట్యూబ్ వోల్టేజీకన్నా దాదాపు పావు చక్రం ముందుంటుంది కాబట్టి లంబకోణ త్రిభుజంలా కూడాలి: 103 వర్గం, 205 వర్గం కలిపితే 52,634. వర్గమూలం 229 పైచిలుకు.

కరెంటు 0.43 ఆంపియర్లు. 230తో గుణిస్తే 99 వోల్ట్ ఆంపియర్లు, ఖర్చయ్యేది మాత్రం చోక్ నష్టంతో కలిపి 45 వాట్ల చిల్లర. పవర్ ఫ్యాక్టర్, అంటే వాట్లను వోల్ట్ ఆంపియర్లతో భాగిస్తే వచ్చేది, 0.5 కన్నా తక్కువే. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 4 మైక్రోఫారడ్ల కెపాసిటర్ పెడితే లైన్ కరెంటు, అంటే సప్లై నుంచి లాగే కరెంటు, దాదాపు సగానికి దిగుతుంది.