రైఫిల్ మ్యాగజైన్ క్యాచ్ స్క్రూ మాటిమాటికీ లూజవుతుంటే ఏం చెయ్యాలి

మ్యాగజైన్ (తూటాలు పేర్చే డబ్బా) పెట్టగానే టక్కుమని కూర్చోకుండా అటూఇటూ ఊగుతోందా, రౌండ్ (తూటా) ఛాంబర్‌లోకి, అంటే నాళం మొదట్లో అది కూర్చునే చోటికి, ఎక్కకుండా ముక్కు కిందికి గుచ్చుకుని ఆగిపోతోందా, అయితే కొత్త మ్యాగజైన్ కొనేముందు దాన్ని పట్టి ఉంచే క్యాచ్ స్క్రూని ఒకసారి చూడండి. పాయింట్ 22 బోల్ట్ యాక్షన్ (బోల్ట్‌ని చేత్తో వెనక్కి లాగి ముందుకి తోసే రకం) రైఫిల్ వాడేవాళ్ళలో చాలామంది అసలు అటువైపే చూడరు.

ముందుగా మ్యాగజైన్ తీసెయ్యండి, బోల్ట్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి కంటితో చూడండి, దాని మూతి దగ్గర చిటికెన వేలు పెట్టి కూడా చూడండి, రౌండ్లు వేరే గదిలో పెట్టేసి అప్పుడు స్క్రూ డ్రైవర్ పట్టుకోండి. ఎన్నేళ్ళ నుంచి కాలుస్తున్నా సరే, ఇది మాత్రం వదలొద్దు.

ఇది ఎందుకు లూజవుతుందంటే అందరూ కాల్చినప్పుడు వచ్చే అదురు అంటారు, అదీ ఉంది, గచ్చిబౌలిలో హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) షూటింగ్ రేంజ్ దాకా స్పీడ్ బ్రేకర్ల మీద బండి మీద మోసుకెళ్ళే కుదుపులూ ఉన్నాయి, కానీ నా లెక్కలో అసలు దోషి ఆయిల్. క్లీనింగ్ అయ్యాక స్ప్రే మొత్తం కొట్టేస్తాం కదా, అది మెల్లగా మరల్లోకి పాకుతుంది, మరల మధ్య పట్టు తగ్గిపోతుంది, ఇంక ఎంత బిగించినా నిలవదు. స్టాక్ (రైఫిల్‌ని పట్టుకునే, భుజానికి ఆనించే భాగం) చెక్కది అయితే ఇంకో తలనొప్పి, మే నెల ఎండకి చెక్క కుదించుకుపోతుంది, వానాకాలంలో ఉబ్బుతుంది, దాంతో యాక్షన్ స్క్రూల (రైఫిల్ లోహభాగాన్ని స్టాక్‌కి పట్టి ఉంచేవి) బిగువు మారి క్యాచే వదులైనట్టు అనిపిస్తుంది. అందుకే ముందు యాక్షన్ స్క్రూలు చూడండి. వాటికి థ్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పూసే గమ్) అక్కర్లేదు, మాన్యువల్‌లో చెప్పిన టార్క్‌కి, అంటే తిప్పే బలానికి, బిగిస్తే చాలు.

అవి బాగానే ఉండి క్యాచ్ స్క్రూనే కదులుతుంటే అప్పుడు విప్పండి. డ్రైవర్ మొన స్క్రూ గాడిలో వెడల్పంతా నిండాలి, అంచుల దగ్గర ఆట ఉండకూడదు. ఇంట్లో ఫ్యాన్ బిగించే డ్రైవర్ మొన ఏటవాలుగా ఉంటుంది, జారి స్క్రూ తలని తినేస్తుంది. సికింద్రాబాద్ రాణిగంజ్ హార్డ్‌వేర్ షాపుల వైపు వెళ్తే గాడి కొలత చెప్పి సరిపడే బిట్ తెచ్చుకోండి. విప్పేముందు ఫోన్లో ఫొటో తీసుకోండి, క్యాచ్ వెనక చిన్న స్ప్రింగ్ ఉంటుంది, అది ఎగిరిపోతే మంచం కిందే వెతుక్కోవాలి, అందుకని పెద్ద పాలిథీన్ కవర్ లోపల చేతులు పెట్టి విప్పితే మంచిది.

స్క్రూ మరల్ని, లోపలి రంధ్రాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. పూర్తిగా ఆరాలి. నిజానికి సగం పని ఇక్కడే అయిపోతుంది.

తర్వాత థ్రెడ్ లాకర్. చిన్న స్క్రూలకి ఊదా రంగు లాక్‌టైట్ 222 బెస్ట్, దొరక్కపోతే నీలం 243. ఎర్రది 271 ఇక్కడ వద్దే వద్దు, తర్వాత విప్పాలంటే దాదాపు 250 డిగ్రీల వేడి పెట్టాలి, అంత వేడికి చెక్క మాడుతుంది, స్ప్రింగ్ బిగువు పోతుంది. అగ్గిపుల్ల చివర అంటినంత చాలు, స్క్రూ కొసన ఒకటి రెండు మరలకి రాసి బిగించండి. ఇది గాలి తగలని చోట, లోహం ఆనుకుని ఉంటేనే గట్టిపడే రకం, అందుకే సీసాలో కూడా కావాలనే గాలికి ఖాళీ వదులుతారు, షాపువాడు సగం సీసా ఇచ్చాడని గొడవపడకండి. బయటికి కారింది మాత్రం అలా తడిగానే ఉండి క్యాచ్ తిరిగే చోటికి పాకుతుంది, వెంటనే తుడిచెయ్యండి. 24 గంటలు రైఫిల్‌ని కదపొద్దు. మ్యాగజైన్ హౌసింగ్ (అది కూర్చునే తొడుగు) ప్లాస్టిక్‌ది అయితే థ్రెడ్ లాకర్ జోలికి వెళ్ళొద్దు, కొన్ని ప్లాస్టిక్‌లు దానికి పగుళ్ళిస్తాయి. ఫెవిక్విక్ కూడా వద్దండి, అది పెళుసు, అదురుకి పొడిపొడి అయిపోతుంది.

ఆరాక స్క్రూ తల మీంచి పక్క లోహం మీదికి నెయిల్ పాలిష్‌తో సన్నగా ఒక గీత గీయండి. రేంజ్‌కి బయల్దేరేముందు ఒక్క చూపు చూస్తే చాలు, గీత రెండు ముక్కలై పక్కకి జరిగిందంటే స్క్రూ తిరుగుతోందన్నమాట.

ఇంత చేసినా నిలవకపోతే మరలు అరిగిపోయుంటాయి, లేదా స్ప్రింగ్ నీరసపడి ఉంటుంది. టెఫ్లాన్ టేప్ చుట్టడం, క్యాచ్‌ని ఆకురాయితో రుద్దడం లాంటివి చెయ్యొద్దు, క్యాచ్ మూతి కాస్త అరిగినా మ్యాగజైన్ మధ్యలో జారిపడుతుంది. ఆయుధాల చట్టం 1959 ప్రకారం తుపాకీ రిపేర్‌కి లైసెన్స్ ఉండాలి, కాబట్టి మీ లైసెన్స్ కాగితాలు పట్టుకుని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే వెళ్ళండి, మ్యాగజైన్ కూడా వెంట తీసుకెళ్ళండి, అది లేకుండా ఆయన క్యాచ్ సరిచూడలేడు.