పైథాన్ లాగింగ్ నేర్చుకుందాం – 4: డీబగ్ పెట్టినా లాగ్ రాదేం?

పోయిన భాగంలో మన బిల్లింగ్ ప్రోగ్రాముకి ఒక లాగర్ (ప్రోగ్రాములో ఏం జరుగుతోందో సందేశాలుగా రాసేది) పెట్టుకున్నాం. దాని లెవెల్‌ని, అంటే ఏ స్థాయి నుంచి సందేశాలు రాయాలో చెప్పేదాన్ని, డీబగ్‌కి మార్చి రన్ చేయమన్నాను. చేసి చూసినవాళ్లకి ఒక్క డీబగ్ లైను కూడా కనబడి ఉండదు. వార్నింగ్ మాత్రం తగుదునమ్మా అంటూ వచ్చి ఉంటుంది. అదీ టైమూ లెవెలూ ఏమీ లేని బోడి లైనుగా.

ఇలాంటప్పుడు చేతికందిన చోటల్లా డీబగ్ అని రాసేయాలనిపిస్తుంది. నేనూ చాలాకాలం అదే చేశాను. దానికంటే ముందు, రాని లైను సంగతి పక్కనపెట్టి వచ్చిన లైను ఎలా ఉందో చూడండి. సగం జవాబు అందులోనే దొరుకుతుంది.

బోడి లైను వచ్చిందంటే, లాగర్‌కి గానీ దాని పైనున్న రూట్‌కి (అన్ని లాగర్లకీ మూలమైన లాగర్) గానీ హ్యాండ్లర్, అంటే సందేశాన్ని తెరమీదికో ఫైల్లోకో పంపేది, లేదన్నమాట. అప్పుడు పైథాన్ తన దగ్గరున్న ఆఖరి హ్యాండ్లర్‌తో పని నడిపిస్తుంది. దానికి వార్నింగ్, ఆపైవి తప్ప పట్టవు. మన బిల్లింగ్ ప్రోగ్రాములో జరిగింది ఇదే. రూట్‌కి హ్యాండ్లర్ తగిలించే బేసిక్‌కాన్ఫిగ్ ఫంక్షన్‌ని ఒకసారి పిలిస్తే సరిపోతుంది.

లైను 'వార్నింగ్, కోలన్, రూట్, కోలన్, సందేశం' అన్న వరసలో వచ్చిందనుకోండి. మీరు వేరే ఫార్మాట్ రాసుకున్నా ఇలాగే వస్తుంటే, మీ బేసిక్‌కాన్ఫిగ్ కంటే ముందే ఇంకెవరో సెటప్ చేసేశారు. ఒకసారి దీనికోసం నేనూ ఇంకో సహోద్యోగీ రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాం. మెయిన్ ఫైల్లో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చివరికి చూస్తే, మొదట ఇంపోర్ట్ అయ్యే సెట్టింగ్స్ ఫైల్లో ఎవరో నేరుగా లాగింగ్.వార్నింగ్ అని ఒక్క లైను రాశారు. రూట్‌కి హ్యాండ్లర్ లేకపోతే ఆ ఫంక్షనే లోపల బేసిక్‌కాన్ఫిగ్‌ని పిలిచేస్తుంది. రూట్‌కి ఒకసారి హ్యాండ్లర్ తగిలాక, మనం రాసిన బేసిక్‌కాన్ఫిగ్ ఏమీ చేయదు. కనీసం ఎర్రర్ కూడా ఇవ్వదు, నాకు ఒళ్లుమండేది అక్కడే. పైథాన్ 3.8 నుంచి ఫోర్స్ ఈక్వల్స్ ట్రూ అని ఇస్తే పాత హ్యాండ్లర్లని తీసేసి మళ్లీ పెడుతుంది. కానీ ఆ దొంగ లైనుని వెతికి తీసేయడమే మేలు.

ఇక మూడో రకం. మీరు రాసుకున్న ఫార్మాట్‌లోనే లైన్లు వస్తున్నాయి, డీబగ్ మాత్రం లేదు. ఇప్పుడు లెవెల్స్ దగ్గరికి వద్దాం. డీబగ్ 10, ఇన్ఫో 20, వార్నింగ్ 30, ఎర్రర్ 40, క్రిటికల్ 50. లెవెల్ కంటే చిన్న నంబరున్న సందేశం ఆగిపోతుంది, అంటే ఎక్కువ లాగ్ కావాలంటే నంబరు తగ్గించాలి. (లినక్స్ సిస్‌లాగ్‌లో ఇది తిరగబడుతుంది: అక్కడ 0 అంటే ఎమర్జెన్సీ, 7 అంటే డీబగ్. రెండూ వాడేవాళ్లు జాగ్రత్త.)

లాగర్‌ని గెట్‌ఎఫెక్టివ్‌లెవెల్ అడిగి ప్రింట్ చేయండి. 30 వస్తే, మీరు పెట్టిన డీబగ్ ఈ లాగర్‌కి చేరలేదు. ఇది పైనున్న రూట్ లెవెల్‌నే వాడుకుంటోంది. ఎక్కువసార్లు పేరు దగ్గరే తేడా వస్తుంది. లాగర్‌కి డండర్ నేమ్‌ని (__name__, అంటే ఆ మాడ్యూల్ పేరు) పేరుగా ఇచ్చి, ఆ ఫైల్‌నే నేరుగా రన్ చేస్తే పేరు 'బిల్లింగ్' కాదు, 'డండర్ మెయిన్' (__main__) అవుతుంది. మీరు లెవెల్ పెట్టింది ఒక లాగర్‌కి, సందేశాలు రాస్తోంది ఇంకో లాగర్.

10 వచ్చినా లైను రాకపోతే హ్యాండ్లర్‌ని అనుమానించండి. దానికి వేరే లెవెల్ ఉంటుంది. హ్యాండ్లర్స్ జాబితాని ప్రింట్ చేస్తే ఒక్కోదాని లెవెల్ బ్రాకెట్లో కనబడుతుంది. మన లాగర్ దాటి పైకి వెళ్లిన సందేశాన్ని రూట్ లెవెల్ ఆపదు, రూట్‌కున్న హ్యాండ్లర్ల లెవెల్ మాత్రమే ఆపగలదు. ఇది చాలామందికి తెలియదు.

ఇంటిపని: బిల్లింగ్ ప్రోగ్రాములో బేసిక్‌కాన్ఫిగ్‌కి ముందు ఒక లాగింగ్.ఇన్ఫో లైను రాయండి. రన్ చేసేముందే ఏ లైన్లు వస్తాయో, ఏ రూపంలో వస్తాయో కాగితం మీద రాసి పెట్టుకోండి. ఒకే లైను రెండుసార్లు ఎందుకు వస్తుందో 5వ భాగంలో చూద్దాం.